రూతమ్మ గారు ముందు తల్లిని చూసేవారు

రేపల్లెలో మేం అద్దెకుంటున్న ఇంటి కింది వాటాలోకి ఈమధ్య ఒక అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. నిన్న పొద్దున్న డ్యూటీకి బయల్దేరి మెట్లు దిగుతుంటే వాము వేపుతున్న ఘాటు, సాంబ్రాణి పొగ, వెచ్చబెట్టిన ఆముదం వాసన అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. బాలింత ఉన్న ఇంటి వాసన అది. చాలామందికి ఆ వాసనతో పసిపిల్లలు గుర్తొస్తారు. నాకు మాత్రం ఒక పెద్దావిడ గుర్తొస్తుంది. పొట్టిగా, కాస్త లావుగా ఉండేవారు. మోకాళ్ళ నొప్పితో ద్వారబంధం పట్టుకుని లోపలికొచ్చేవారు. వచ్చినవాళ్ళంతా ఊయల మీదికి వంగుతుంటే ఆవిడ అటు చూడకుండా తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, బాలింత పక్కన కూర్చునేవారు. ఆవిడ పేరు రూతమ్మ. నా ఉద్యోగంలో నాకు మొదటి పై అధికారి. పోయినేడాది బాపట్లలో కన్నుమూశారు. ఆవిణ్ణి చూడనివాళ్ళకు ఆవిడెలాంటి మనిషో చెప్పడం కష్టం. నేను చూసింది చెబుతాను.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు అడవులదీవి వైపు ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎంగా ఉద్యోగం వచ్చింది. గర్భిణులనూ బాలింతలనూ పసిపిల్లలనూ ఇంటింటికీ తిరిగి చూసుకునే నర్సు ఉద్యోగం అది. సొంత ఊరు తెనాలి. పెళ్ళి కాలేదు. చదువులో నేనే ఫస్టు, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. నా రిజిస్టర్లు చూసి ఎవరైనా మెచ్చుకోవాల్సిందేనని నా నమ్మకం. మా మీద హెల్త్ సూపర్‌వైజర్ రూతమ్మ గారు. సగం నెరిసిన జుట్టు, చంకలో ఎప్పుడూ నల్ల గొడుగు. ఏ సమావేశానికీ ఆవిడ వేళకు వచ్చిన గుర్తు లేదు. కోపం వస్తే నలుగురిలో ఉన్నామని కూడా చూసేవారు కాదు. ఆవిడంటే నాకు మొదట్లో భయమే తప్ప గౌరవం లేదని ఒప్పుకోవాలి.

ఒకరోజు సబ్ సెంటర్‌కి వచ్చి నా రిజిస్టరు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. దుర్గ అనే అమ్మాయి పేజీ అది. సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఇల్లు. మొదటి కాన్పు, మగబిడ్డ. పుట్టి ఇరవై నాలుగు రోజులు. బిడ్డ బరువు, టీకాలు, పాలు తాగడం అన్నీ రాసి, చివర్లో ‘తల్లీబిడ్డ క్షేమం’ అని రాశాను.

“బిడ్డ క్షేమమని బరువు చూసి రాశావు. తల్లి క్షేమమని ఏం చూసి రాశావు?” అని అడిగారు.

“బాగానే ఉన్నానంది మేడం.”

“ఎవరన్నారు? ఆ పిల్లా, వాళ్ళత్తా?”

దుర్గ ముఖం గుర్తు తెచ్చుకోబోతే గుర్తుకు రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్న వీపు, నూనెలేని జడ మాత్రమే కళ్ళముందు ఆడాయి. “పడుకుందండి, పచ్చి ఒళ్ళు కదా” అని వాళ్ళత్తే అంది. నేను బిడ్డను తూచి, తల్లి చేత కార్డు మీద సంతకమైనా పెట్టించకుండా వచ్చేశాను. రూతమ్మ గారు రిజిస్టరు మూసి గొడుగు అందుకున్నారు. “పద” అన్నారు. అన్నం డబ్బాలు విప్పిన వేళ అది. తిని వెళ్దామని అనే ధైర్యం నాకు లేకపోయింది.

మేం వెళ్ళేసరికి దుర్గ అలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్క చాపమీద బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాళ్ళత్త పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకుంది. “దీనికేదో గాలి సోకిందండీ. పిల్లోడు అంత ఏడుస్తుంటే ఉలకదు, పలకదు. శుక్రవారం తీసుకెళ్ళి మంత్రం వేయిద్దామనుకుంటన్నాం” అంది. ఇలాంటి మాట వినగానే నాకు చిరాకు వచ్చేది. మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం నా నాలుక చివర సిద్ధంగా ఉండేది. రూతమ్మ గారు నన్ను కళ్ళతోనే ఆపారు.

“అట్టాగే చెయ్యండి వదినా. మీ తాయెత్తు మీరు కట్టండి, మా మందు మేమిస్తాం. రెండిటికీ పేచీ లేదు. ముందు పిల్లోణ్ణి కాస్త అలా బయట చల్లగాలికి తిప్పుకురండి” అన్నారు.

అత్త బయటికి వెళ్ళింది. రూతమ్మ గారు నేలమీద, దుర్గ తల దగ్గర కూర్చుని, మెల్లగా ఆ చిక్కుపడ్డ జడ విప్పడం మొదలుపెట్టారు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. సగం చిక్కు తీశాక అడిగారు, “బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడతందా అమ్మా?”

లేదన్నట్టు తల ఊపింది దుర్గ.

“వాడు ఏడుస్తుంటే ఎట్టా ఉంటంది?”

అప్పుడు ఆ పిల్ల గోడవైపు చూస్తూనే అంది: “పక్కింట్లో ఎవరి పిల్లోడో ఏడుస్తున్నట్టు ఉంటందండి.”

ఆ మాటకు నేను గడియారం మీంచి తల ఎత్తాను. రూతమ్మ గారి చేతులు మాత్రం జడ మీద ఆగలేదు. దుర్గ ఇక ఆపకుండా చెప్పుకుపోయింది. తనకు పాలు పడుతున్నాయి గానీ ప్రేమ పుట్టడం లేదట. ఏ తల్లికీ ఇలా ఉండదట. తను రాక్షసి అయి ఉంటుందట. తను లేకపోతే వాడికి వాళ్ళ నాయనమ్మ ఉంది, సుఖంగా పెరుగుతాడట.

“చచ్చిపోవాలనిపిస్తందా తల్లీ?” అని అడిగారు రూతమ్మ గారు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా.

లేని ఆలోచన ఆవిడే పుట్టిస్తున్నారనుకున్నాను. దుర్గ మొదటిసారి ఇటు తిరిగింది. కళ్ళు బాగా లోపలికి పోయాయి. “రోజూ అండి” అంది. అని, ఆవిడ ఒళ్ళో తలపెట్టి పెద్దగా ఏడ్చింది. ఆ ఆలోచన ఆ పిల్లలో ఎప్పట్నుంచో ఉందనీ, అడిగేవాళ్ళు లేక ఒక్కతే మోస్తోందనీ నాకు అప్పుడు అర్థమైంది.

“నువ్వు రాక్షసివి కాదు. ఇది జబ్బు. కాన్పయ్యాక కొంతమందికి వస్తది. తగ్గుద్ది. నువ్వు తగ్గించుకోలేవు, మేం తగ్గిస్తాం” అన్నారు రూతమ్మ గారు. ఆ రోజు ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదల్లేదు. వేటనుంచి మొగుడు వచ్చేదాకా కూర్చున్నారు. అతన్నీ అత్తనూ చెరో పక్కన కూర్చోబెట్టి విషయం దాచకుండా చెప్పారు. అతను ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, లుంగీ అంచు పట్టుకుని విన్నాడు. ఏ వేళ ఎవరు దుర్గ దగ్గర ఉండాలో, ఎవరు వండాలో, బిడ్డను ఎవరు చూడాలో ఆవిడే పంచారు. మర్నాడు పొద్దున్నే రేపల్లె వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో దుర్గను తెనాలి తీసుకెళ్ళాం. అక్కడ మనసు జబ్బులు చూసే డాక్టరు, పాలిచ్చే తల్లి వాడదగ్గ మందు చూసి రాసిచ్చారు. రమ్మన్నప్పుడల్లా తీసుకెళ్ళాం. వారంలో మూడుసార్లు నేను ఇంటికి వెళ్ళేదాన్ని. అత్తగారు కట్టిన తాయెత్తు దుర్గ చేతికి అలాగే ఉంది. మందు వేసే వేళ మాత్రం ఆ అత్తగారు మా ఇద్దరికన్నా కచ్చితంగా గుర్తు పెట్టుకునేది.

ఆ రోజుల్లోనే ఒకసారి తెనాలి నుంచి రేపల్లెకు తిరిగి వస్తున్నాం. దుర్గ కిటికీ పక్కన నిద్రపోతోంది. నేను ఊరికే ఉండలేక, “మీకు ఇవన్నీ ట్రైనింగులో చెప్పారా మేడం?” అని అడిగాను. రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగి బయల్దేరాక ఆవిడ చెప్పారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ వేటపాలెం వైపు పనిచేశారట. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే అమ్మాయి ఒకతి ఉండేదట. పిక్కల జిగురుకు వేళ్ళు నల్లబడి, కాన్పయి నెల దాటినా ఆ నలుపు పోలేదట. ఈవిడ వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మాయి ఏడ్చేదట. “నాకేం బాలేదు సిస్టర్” అనేదట.

“నేనేం చెప్పానో తెలుసా మణీ? దేవుడిచ్చిన బిడ్డమ్మా, ఏడవకూడదు, ప్రార్థన చేసుకో అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టి ఆ పిల్ల నోరు మూశాను. రెండు రోజుల తరవాత కబురొచ్చింది, ఆ పిల్ల ఇక లేదని.” ఒళ్ళోని గొడుగు పక్కన పెట్టి, “ఆ ఇంటి పేజీలో నా చేత్తో రాసి ఉంది. తల్లీబిడ్డ క్షేమం” అన్నారు.

ఆవిడ ఏడవలేదు. నేను కూడా ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చెబితే అవి కూడా మంచి మాటల్లాగే ఉంటాయని తోచింది. అప్పట్నుంచి ఆ రెండు మాటలు నేను రాయలేకపోయాను. బిడ్డ గురించి ఒక వాక్యం, తల్లి గురించి వేరే వాక్యం రాసేదాన్ని. దుర్గ కోలుకోవడానికి ఆరు నెలలు పట్టింది. తగ్గిందని మాకు ఎలా తెలిసిందంటే, ఒకరోజు మేం వెళ్ళేసరికి ఆ పిల్ల వీధిలో నిలబడి, పిల్లవాడి గుడ్డలమీద చేపలు ఆరబోశారని పక్కింటావిణ్ణి ఎడాపెడా తిడుతోంది. రూతమ్మ గారు లోపలికి వెళ్ళకుండా వీధి చివరే నిలబడి ఆ తిట్లన్నీ తృప్తిగా విన్నారు. ఆ సాయంత్రం రేపల్లె బస్టాండులో నాకు మిరపకాయ బజ్జీలు తినిపించారు.

నాలుగేళ్ళ తరవాత నాకు పెళ్ళయింది. మావారు పొన్నూరులో ఒక రైసు మిల్లులో గుమస్తా. ఆ మరుసటేడు పురిటికి తెనాలి, అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. దేనికీ లోటు లేదు. మావారు వారం వారం వచ్చి కూతుర్ని ఎత్తుకుని మురిసిపోయేవారు. అమ్మ వేళకు బాలింతలకు పెట్టే కాయం ముద్దలు పెట్టేది, వెల్లుల్లి కారంతో పథ్యం అన్నం తినిపించేది. నాకే ఏదో జరిగింది. మూడో వారం వచ్చేసరికి తెల్లారడం అంటే భయం పట్టుకుంది. పిల్లను ఒళ్ళో పెడితే, ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువును జాగ్రత్తగా పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని. వందమంది తల్లులకు చెప్పిన లక్షణాలు ఒకటొకటిగా నాలో కనిపిస్తుంటే, ఒక్కొక్క దానికీ ఒక సాకు వెతుక్కున్నాను. నిద్ర లేక అనుకున్నాను, రక్తం తక్కువై అనుకున్నాను. అసలు సంగతి ఒప్పుకోవడానికి సిగ్గు. నర్సును కదా. నాకు రావడమేంటి?

రూతమ్మ గారు ఫోను చేసినప్పుడల్లా “బానే ఉన్నాను మేడం” అన్నాను. నాలుగోసారి అన్న మర్నాడు ఆవిడ బాపట్లలోని తన ఇంటి నుంచి పాసింజరు బండెక్కి వచ్చేశారు. అప్పటికి ఆవిడ రిటైర్మెంటుకు ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి, మోకాళ్ళ నొప్పి బాగా ముదిరింది. అమ్మ ఎదురెళ్ళి, “రండి రండి, మనవరాల్ని చూద్దురుగాని” అని ఊయల దగ్గరికి పిలిచింది. ఆవిడ “చూస్తానండీ, ఎక్కడికి పోద్ది” అంటూ నా మంచంమీద వచ్చి కూర్చున్నారు.

“ఎట్టా ఉన్నావు?”

“బానే ఉన్నాను మేడం.”

“ఆ మాట రిజిస్టరుకి చెప్పు. నాకు చెప్పకు.”

అంతే. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. “నలుగురికి చెప్పేదాన్ని, నాకు వచ్చిందంటే సిగ్గేస్తోంది మేడం” అన్నాను. “టైఫాయిడు డాక్టరుకి రాదా? వస్తే దాచుకుంటాడా?” అన్నారు. తరవాత దుర్గను అడిగిన ప్రశ్నే, అదే గొంతుతో నన్నూ అడిగారు. నేను కూడా నిజమే చెప్పాను.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ముందు కోపమొచ్చింది అమ్మకు. “మా కాలంలో ఈ జబ్బులన్నీ ఉన్నాయా అండీ? నలుగుర్ని కన్నాను. నాలుగో నెలకల్లా పొలానికి అన్నం మోశాను” అంది.

“ఉన్నాయి వదినగారూ. పేరు లేదంతే” అన్నారు రూతమ్మ గారు.

అమ్మ అక్కడే గడప మీద కూర్చుంది. ఎవరినీ చూడకుండా, “పెద్దాడు పుట్టినప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదంట. ఆర్నెల్లు. మా అత్త నన్ను మూగదెయ్యం అనేది” అంది. ముప్ఫయ్యేళ్ళు దాటింది, ఆ మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు. నాన్నకు కూడా. రూతమ్మ గారు నా చెయ్యి వదలకుండానే రెండో చెయ్యి చాచి అమ్మను పిలిచారు. అమ్మ వచ్చి మంచానికి అవతలి వైపు కూర్చుంది. పిల్ల ఊయల్లో ఏడుపు మొదలుపెట్టింది. మా ముగ్గురిలో ఎవరమూ వెంటనే లేవలేదు. కాసేపటికి అమ్మ లేచి, పిల్లను తెచ్చి తన ఒళ్ళో వేసుకుని, “నువ్వు పడుకో. ఇది నా దగ్గరుంటుంది” అంది.

డాక్టరుకు చూపించారు, మందులు వాడాను. రూతమ్మ గారు సెలవు పెట్టి రోజు విడిచి రోజు రైలెక్కి వచ్చేవారు. వచ్చి నాకు ఉపదేశాలేమీ చెయ్యలేదు. చిక్కుడుకాయలు వలిచేవారు. బాపట్ల కబుర్లు చెప్పేవారు. ఒక్కోసారి నా పక్కనే పడుకుని గురకపెట్టి నిద్రపోయేవారు. ఆ గురక వింటూ నేనూ నిద్రపోయేదాన్ని. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, పిల్లకు స్నానం చేయించి తుడుస్తుంటే అది నా బొట్టు వైపు చూసి నోరంతా తెరిచి నవ్వింది. నాకు నవ్వొచ్చింది. వెంటనే తగ్గిపోలేదు. మళ్ళీ చెడ్డ రోజులు వచ్చాయి. ఎనిమిదో నెలకు గానీ నేను నేనుగా నిలబడలేదు.

మళ్ళీ డ్యూటీలో చేరేముందు, నా జబ్బు సంగతి డిపార్ట్‌మెంటులో ఎవరికీ చెప్పొద్దని ఆవిణ్ణి బతిమాలాను. “నీ సంగతి నీది. నేనెందుకు చెబుతాను” అన్నారు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పన్నెండేళ్ళపాటు ఎన్నో ఇళ్ళలో, ఎందరో తల్లుల దగ్గర కూర్చుని, ‘కొంతమందికి వస్తుంది, తగ్గుతుంది’ అన్నాను. ఆ కొంతమందిలో నేనూ ఉన్నానని ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ తన తప్పును రైల్లో ఒక కొత్త నర్సు ముందు పెట్టారు. నేను తప్పే కాని దాన్ని కూడా దాచుకున్నాను. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు.

పోయినేడాది వానాకాలంలో ఆవిడ పోయారు. బాపట్లలో చర్చి ఆవరణ నిండిపోయింది. సగం మంది ఆడవాళ్ళే. ఒకరికొకరు పరిచయం లేదు. నువ్వెవరని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకుంటున్నారు. దుర్గ వచ్చింది, ముసలి అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ. వెనకాల ఎత్తుగా, మీసాలు మొలుస్తున్న కొడుకు. శవపేటిక దగ్గర నిలబడి కొడుకుతో, “ఈవిడే” అంది.

“నేను పుట్టినప్పుడు నన్ను చూసిన నర్సమ్మా?” అని అడిగాడు వాడు.

“నిన్ను కాదురా. నన్ను” అంది దుర్గ.

వాడికేం అర్థమైందో తెలియదు గానీ, తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను వాళ్ళ వెనకే ఉన్నాను. ‘నన్ను కూడా’ అని అనాలనిపించింది. చుట్టూ మా డిపార్ట్‌మెంటు వాళ్ళున్నారు. అనలేదు.

ఆ తరవాత మూడు వారాలకు రేపల్లెలో ఒక ఇంటికి వెళ్ళాను. బాలింత స్కూలు టీచరు, బాగా చదువుకున్న అమ్మాయి. బిడ్డకు మూడో నెల. అత్తగారు, మా ఆశా వర్కరు గదిలోనే ఉన్నారు. ఆ అమ్మాయి నా ప్రశ్నలకు పొడిపొడిగా జవాబులు చెప్పి చివరకు విసుక్కుంది. “మీరు రోజూ పది ఇళ్ళలో ఇదే చెబుతారు కదండీ. లోపల ఎలా ఉంటుందో మీకేం తెలుసు?”

రూతమ్మ గారి దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. ఎదురుచూడటం, జడ చిక్కు తీయడం, భయపడకుండా అడగడం, అత్తగారితో పేచీ పెట్టుకోకపోవడం. అవన్నీ చేతనయ్యాయి. ఆవిడ నాకు ఇచ్చినదాంట్లో అన్నిటికంటే బరువైనదాన్ని మాత్రం నేను ఇన్నాళ్ళూ కింద పెట్టి నడిచాను. ఆ పూట దాన్ని ఎత్తుకోక తప్పలేదు.

“నాకూ వచ్చిందమ్మా. నా కూతురు పుట్టినప్పుడు” అన్నాను.

ఆశా వర్కరు రాస్తున్న పెన్ను ఆగింది. అత్తగారు నా ముఖం వంక చూశారు. ఆ అమ్మాయి మాత్రం వాళ్ళిద్దరినీ పట్టించుకోలేదు. దిండు మీంచి లేచి కూర్చుంది.

“మరి తగ్గిందా అండి?”

“తగ్గింది.”

“ఎన్నాళ్ళకి?”

తక్కువ చేసి చెప్పాలన్న ఆశ ఒక క్షణం కలిగింది. మంచి మాటే అయి ఉండేది. “ఎనిమిది నెలలు” అన్నాను. “అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ముందే తగ్గుతుంది, కొందరికి ఇంకొంచెం పడుతుంది. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.”

ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. లోపల లెక్క వేసుకుంటోంది. “అయితే నాకు ఇంకా అయిదు” అంది, తనలో తను అనుకున్నట్టు. అని, నా చెయ్యి పట్టుకుంది. “రేపు వస్తారా?”

వస్తానన్నాను. వెళ్ళాను.